మూడో కాలమ్: ఒక కొత్త గ్రాఫిక్ డిజైనర్ కేస్

నేపథ్యం

డిజైన్ చదువు ముగించి రెండేళ్లు కూడా కాని అమ్మాయి. పగలు ఒక చిన్న ఏజెన్సీలో ఉద్యోగం. సాయంత్రాలూ సెలవు రోజులూ సొంత క్లయింట్ల పని. చేతిలో మంచి ల్యాప్‌టాప్, నెలనెలా డబ్బు కట్టే సాఫ్ట్‌వేర్, పెన్ టాబ్లెట్, పింటరెస్ట్, బిహాన్స్ లాంటి డిజైన్ బొమ్మల సైట్లలో దాచుకున్న వేల బొమ్మలు. నేను చాలాకాలం ప్రింట్ ప్రొడక్షన్‌లో పనిచేసి, ఇప్పుడు కొత్త డిజైనర్లు చిక్కుల్లో పడ్డప్పుడు వాళ్ల పక్కన కూర్చుని ఫైళ్లు చూస్తుంటాను. ఆమె ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. ఎవరినీ గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను.

ఎన్నో కేసులుండగా దీన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. తన సమస్యకు ఆమె పెట్టుకున్న పేరు దాదాపు ప్రతి కొత్త డిజైనరూ పెట్టుకునేదే. చేసుకున్న వైద్యం కూడా అందరూ చేసుకునేదే.

సమస్య ఎలా కనిపించింది

“మేడమ్, నాకు ఇన్‌స్పిరేషన్ అయిపోయింది. ఏం చేసి పంపినా ‘బాగుంది కానీ ఏదో తక్కువైంది’ అంటున్నారు. ఆ ఏదో ఏంటో వాళ్లూ చెప్పరు, నాకూ తెలియట్లేదు.”

అప్పటికి చేతిలో ఉన్న పని ఒక చిన్న కంటి క్లినిక్ కోసం కరపత్రం. శుక్లాల ఆపరేషన్ అయ్యాక ఇంటికెళ్లే పేషెంట్ చేతిలో పెట్టేది. ఏ చుక్కల మందు రోజుకు ఎన్నిసార్లు వేయాలి, ఏం చేయకూడదు, ఎప్పుడు మళ్లీ రావాలి అన్న వివరాలు. ఏ4 కాగితాన్ని మూడు మడతలు పెట్టే మామూలు లీఫ్‌లెట్. వారంలో అయిపోవాల్సిన పని నెల దాటి నడుస్తోంది. టెన్షన్‌తో నిద్ర సరిగా ఉండట్లేదని కూడా చెప్పింది.

పోర్ట్‌ఫోలియో తీయబోతే వద్దన్నాను. అందులో ఉండేవి గెలిచిన పనులే కదా. ఈ పని ఫోల్డర్ మొత్తం తెరవమన్నాను. ఫైనల్, ఫైనల్-2, ఫైనల్-లాస్ట్, ఫైనల్-లాస్ట్-నిజంగా. ఇవి ఎవరి ఫోల్డర్‌లోనైనా ఉంటాయి. ఒక్కో వెర్షన్‌నీ వరుసగా ప్రింట్ తీసి, దాని తర్వాత క్లయింట్ నుంచి వచ్చిన మెయిల్‌ని పక్కనే పెట్టుకుని చూశాం.

రెండు విషయాలు తేలాయి. మార్పులు ముందుకు వెళ్లడం లేదు, అక్కడక్కడే తిరుగుతున్నాయి. నీలం ఆకుపచ్చ అయింది, ఆకుపచ్చ మళ్లీ నీలమైంది. ఫొటో పెద్దదైంది, చిన్నదైంది. ఇది చాలాచోట్ల చూసిందే.

నన్ను ఆపింది రెండోది. మందుల పట్టిక అన్ని వెర్షన్లలోనూ వెనక మడతలో, 8 పాయింట్ల సన్నటి అక్షరాల్లో, 999999 అనే కోడ్ ఉన్న లేత బూడిద రంగులో ఉండిపోయింది. తెల్లటి నేపథ్యం మీద ఆ రంగు కాంట్రాస్ట్, అంటే అక్షరానికీ నేపథ్యానికీ మధ్య వెలుగు తేడా, 2.85:1 మాత్రమే. వెబ్ పేజీల్లో మామూలు సైజు అక్షరాలకే కనీసం 4.5:1 ఉండాలని, చూపు తక్కువైనవాళ్లతో సహా అందరూ చదవగలిగేలా రాసిన డబ్ల్యూసీఏజీ ప్రమాణం అడుగుతుంది. ఇక్కడ చదివేది కంటి ఆపరేషన్ అయిన మనిషి. అయినా అన్ని మెయిళ్లలో ఆ పట్టిక గురించి ఒక్క మాట లేదు. రంగు, ఫొటో, లోగో గురించే అందరి మాటలూ. డిజైన్‌ని రోజూ చూడని మనిషి దేని గురించి మాట్లాడగలడో దాని గురించే మాట్లాడతాడు. అందులో తప్పేమీ లేదు. ఆ మాటల వెనక అసలు లోపం దాక్కుంటుంది, అంతే.

“నీలం ఎందుకు పెట్టావు?” అన్నాను. “మెడికల్ కదా మేడమ్.” “పట్టిక వెనకెందుకు?” కాసేపు ఆలోచించి, “ముందు ఫొటో ఉంటే లుక్ బాగుంటుందని” అంది. ఆ లేఅవుట్ ఎక్కడిదో కూడా దొరికింది. ఆమె దాచుకున్న బొమ్మల్లో ఒక సౌందర్య సాధనాల బ్రోషర్.

ఏది కారణం కావచ్చు

చేతి పనిలో లోటు ఉందా? లేదు. అక్షరాల మధ్య ఎడం, గ్రిడ్, మార్జిన్లు అన్నీ శుభ్రంగా ఉన్నాయి. ఇన్‌స్పిరేషన్ కరువా? ఉన్నదే ఎక్కువై మీద పడుతోంది. క్లయింట్ మొండివాడా? మెయిళ్లు చూస్తే ముగ్గురు మాట్లాడుతున్నారు: మేనేజర్, డాక్టర్ గారు, డాక్టర్ గారి బంధువు ఒకరు. చివరి మాట ఎవరిదో ఎక్కడా రాసి లేదు. కాబట్టి దీనికి కొంత వాటా ఇచ్చాను. టూల్స్ సంగతేంటి? స్క్రీన్ డిజైన్ కోసం తయారైన టూల్‌లో ప్రింట్ పని చేస్తోంది. అది మున్ముందు దెబ్బ కొడుతుందని తెలుసు, కానీ ప్రెస్‌కి వెళ్లేదాకా ఆగొచ్చు. ఈ నెల రోజుల నలుగుడుకి అది కారణం కాదు.

మిగిలింది, నాకు ఎక్కువ బలంగా అనిపించింది, ఒకటే. పేజీ మీద ఉన్న ఏ నిర్ణయానికీ ఆమె దగ్గర కారణం లేదు. కారణం లేని నిర్ణయాన్ని ఎవరు అడిగినా మార్చాల్సిందే, కాదనడానికి పట్టు ఉండదు.

పని చేయనివి

నా దగ్గరికి రాకముందే ఆమె కొత్త సాఫ్ట్‌వేర్ కోర్సు ఒకటి కొంది. బొమ్మలు ఇంకా దాచుకుంది. ఏఐ టూల్‌తో కవర్ బొమ్మలు పదుల కొద్దీ చేయించి పంపింది. ఈ చివరిది నష్టమే చేసింది. ఆప్షన్లు ఎక్కువైన కొద్దీ క్లయింట్ వాటిని వస్త్ర దుకాణంలో చీరలు చూసినట్టు చూడటం మొదలుపెట్టారు.

దాంతో ఆమే ఇంకో మాట తెచ్చింది. 1986లో స్టీవ్ జాబ్స్ తన నెక్స్ట్ కంపెనీకి లోగో అడిగితే అమెరికన్ డిజైనర్ పాల్ రాండ్ లక్ష డాలర్లు తీసుకుని ఒకే ఒక్క డిజైన్ ఇచ్చాడు, ఆప్షన్లు ఇవ్వనని ముందే చెప్పేశాడు. “నేనూ ఒక్కటే పంపుతాను” అంది. ప్రయత్నించి చూడమన్నాను. ఆప్షన్లు తగ్గితే రుచుల మీద వాదన తగ్గే అవకాశం ఉంది, పైగా పరీక్షకు పెద్ద ఖర్చు కూడా లేదు. ఒక్కటే పంపింది. “మిగతా రెండు ఎప్పుడు పంపుతారు?” అని మేనేజర్ జవాబు.

ఎందుకు కుదరలేదో ఆలోచిస్తే రాండ్ కథలో ఆమె వదిలేసిన భాగం కనిపిస్తుంది. అప్పటికి ముప్ఫై ఏళ్ల కిందటే ఐబీఎంకి లోగో గీసిన మనిషి ఆయన. ఆ పేరు వల్ల ‘ఒక్కటే ఇస్తాను’ అన్న మాట చెల్లింది. అంతకంటే ముఖ్యం, ఆ ఒక్క లోగోతో పాటు ఆయన వంద పేజీల పుస్తకం ఇచ్చాడు. అక్షరాల ఎంపిక నుంచి చివరి రూపం దాకా ఒక్కో అడుగూ ఎందుకు వేశాడో అందులో ఉంది. పేరు అప్పు తెచ్చుకోలేం కానీ కారణాలు రాయడం ఎవరైనా చేయొచ్చు.

అలా రెండు కాలమ్‌ల షీట్ వచ్చింది: నిర్ణయం, దానికి కారణం. ఇదీ విఫలమైంది. కేస్ మొత్తంలో నాకు ఎక్కువ నేర్పింది ఈ వైఫల్యమే. డిజైన్ అయిపోయాక షీట్ నింపమనేసరికి ఆమె ఉన్నదానికి సమర్థనలు రాసింది. ‘నీలం నమ్మకానికి గుర్తు.’ ‘ఖాళీ స్థలం ప్రశాంతత ఇస్తుంది.’ మీటింగ్‌లో బంధువు గారు, “మాకు ఆకుపచ్చ చూస్తేనే నమ్మకం” అన్నారు. దానికి జవాబేముంది? ఇద్దరి మాటకూ ఆధారం లేదు, డబ్బిచ్చేవారి మాట నెగ్గింది. పైగా కారణం రాసి ఉంది కాబట్టి ఆమె ఈసారి వాదనకు దిగింది. గది వేడెక్కింది తప్ప పని కదల్లేదు.

అంటే కారణం ఉంటే సరిపోదు. అది పేజీ బయటి నుంచి, వాడే మనుషుల నుంచి రావాలి. అది ఎప్పుడు చెల్లదో కూడా ముందే చెప్పగలగాలి.

పని చేసినది

కంప్యూటర్ మూసేసి, డాక్టర్ గారి అనుమతితో డిశ్చార్జ్ కౌంటర్ దగ్గర ఒక పూట కూర్చోమన్నాను. ఫొటోలు తీయకూడదు, పేషెంట్ల పేర్లు రాసుకోకూడదు, ఎవరికీ సలహా ఇవ్వకూడదు. పాత లీఫ్‌లెట్‌తో ఎవరు ఏం చేస్తున్నారో మాత్రం రాసుకోవాలి.

ఆమె నోట్స్ రెండు పేజీలే. కానీ నెల రోజులు బొమ్మలు అతికించి చేసుకున్న మూడ్‌బోర్డుల్లో దొరకనిది అందులో ఉంది. నర్సు లీఫ్‌లెట్ చేతిలోకి తీసుకోగానే వెనక్కి తిప్పుతుంది, ముందున్న ఫొటో వైపు చూడదు. పట్టికలో టైములు పెన్నుతో రాయబోతుంది. లామినేషన్ మీద బాల్‌పెన్ జారిపోతుంది. విసుక్కుని మందుల కవరు మీద రాసిస్తుంది. మందుల పేర్లు ఎవరూ వాడరు. “తెల్ల మూత సీసా నాలుగు సార్లు, గులాబీ మూత సీసా రెండు సార్లు” అంటారు. పేషెంట్ కాగితం చదవడు, మడిచి జేబులో పెట్టుకుంటాడు. ఇంటికెళ్లాక చదివేది తోడు వచ్చిన మనిషి.

ఈ నోట్స్ చేతిలో పెట్టుకుని, ఈసారి డిజైన్‌కి ముందే షీట్ మొదలుపెట్టాం. మూడో కాలమ్ ఒకటి కలిపాం: ‘ఏం తెలిస్తే ఇది మారుస్తాను?’

మందుల పట్టిక తెరవగానే కనిపించే మడతలో, మడత మొత్తం నిండేలా ఉంటుంది. నర్సు చేయి నేరుగా అక్కడికే వెళ్తుంది కాబట్టి. టైములు కంప్యూటర్ నుంచి ప్రింట్ చేసి ఇవ్వడం మొదలుపెడితే మారుస్తాను. కాగితం కోటింగ్ లేనిది, లామినేషన్ ఉండదు. పెన్ను పట్టాలి కాబట్టి. స్టిక్కర్లు అంటించే పద్ధతి వస్తే మారుస్తాను. రంగు నేపథ్యాలు ఎక్కడా ఉండవు. సీసా మూత రంగే ఇక్కడ మందు పేరు, కాగితం మీద ఇంకో రంగు ఉంటే అది కూడా ఏదో మందని అనుకోవచ్చు. మందులను మూత రంగుతో చెప్పడం మానేస్తే మారుస్తాను. పట్టికలో ప్రతి వరుస ముందూ ఖాళీ వృత్తం, మూత ఏ రంగో నర్సు అందులో రాయడానికి. సీసాలు ఎప్పుడూ ఒకే కంపెనీవి కాకపోవచ్చు కాబట్టి రంగు ముందే అచ్చు వేయలేం. అక్షరాలు 16 పాయింట్లు. సమాచారం పెరిగితే అక్షరం తగ్గదు, పేజీ పెరుగుతుంది.

ఈ షీట్‌నీ, అసలు సైజులో నలుపు తెలుపులో తీసిన ఒకే ఒక్క ప్రింట్‌నీ తీసుకుని మీటింగ్‌కి వెళ్లింది. నీలమా ఆకుపచ్చా అన్న చర్చ రాలేదు. మూతల సంగతి చదివి డాక్టర్ గారు నవ్వి, “అవును, మేమందరం అలాగే చెప్తాం” అన్నారు. అంతే, రంగు పక్కకు వెళ్లిపోయింది. ఆయన ఒక మార్పు మాత్రం అడిగారు. విపరీతమైన నొప్పి, చూపు ఒక్కసారిగా తగ్గడం, ఎరుపు పెరుగుతూ పోవడం వంటివి కనిపిస్తే వెంటనే ఫోన్ చేయాలన్న హెచ్చరిక లోపలి మడతలో ఉంది. అది అన్నిటికంటే పైన, మడిచినా కనిపించేలా ఉండాలన్నారు. ఇలాంటి ఫోన్లు చాలావరకు రాత్రిపూట వస్తాయట. కంగారులో ఉన్న మనిషి మడత విప్పి వెతకడు. ఆ వరుస మూడో కాలమ్‌లో ఆమె ముందే రాసుకుంది: ‘ఎవరు, ఎప్పుడు ఫోన్ చేస్తారో తెలిస్తే చోటు మారుస్తాను.’ తెలిసింది, మార్చింది. అక్కడ ఎవరూ ఓడినట్టు లేదు.

మూడో కాలమ్ ఎందుకు పని చేసిందని నా అంచనా చెబుతాను. కారణం మాత్రమే రాసుకున్న డిజైనర్ దాన్ని కాపాడుకోవాలని చూస్తుంది. ఏం తెలిస్తే మార్చాలో కూడా రాసుకున్న డిజైనర్ అవతలి మనిషిని సమాచారం అడుగుతుంది. క్లయింట్‌కి డిజైన్ తెలియకపోవచ్చు, తన పని మాత్రం మనకంటే బాగా తెలుసు. ‘మీకు నచ్చిందా’ అని అడిగితే తెలియని దాని గురించి మాట్లాడతారు, ‘ఇది నిజమేనా’ అని అడిగితే తెలిసిన దాని గురించి మాట్లాడతారు.

ప్రెస్ దగ్గర

పక్కన పెట్టిన టూల్స్ సమస్య ఇక్కడ తలుపు తట్టింది. ఆమె టూల్‌లో నలుపంటే ఆర్‌జీబీ నలుపు, అంటే స్క్రీన్ వెలుగుల లెక్కలో నలుపు. దాన్ని అలాగే సీఎంవైకేలోకి, అంటే అచ్చులో వాడే నాలుగు ఇంకుల లెక్కలోకి మారిస్తే నాలుగు ఇంకుల నలుపు అవుతుంది. ఫొటోషాప్ పాత డిఫాల్ట్ సెట్టింగ్‌లో అయితే 75, 68, 67, 90 శాతాలు, మొత్తం 300. చిన్న అక్షరాలు నాలుగు ప్లేట్ల మీద పడినప్పుడు రిజిస్ట్రేషన్, అంటే ఆ ప్లేట్ల అచ్చులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవడం, వెంట్రుకవాసి కదిలినా అంచులకు రంగు నీడలు వస్తాయి, అక్షరం మసకబారుతుంది. చూపు మసకగా ఉన్నవాళ్లకు మసక అక్షరాలు ఇచ్చినట్టవుతుంది. ఆమె అంతకుముందు చేసిన ఒక పనిలో అచ్చం ఇలాగే జరిగితే ప్రెస్‌వాళ్లను తప్పుపట్టిందట.

పనిని పేజీ లేఅవుట్ సాఫ్ట్‌వేర్‌లోకి మార్చి, అక్షరాలన్నిటినీ ఒక్క నల్ల ఇంకు 100 శాతంలో పెట్టించాను. మడతలు సమానంగా 99 మిల్లీమీటర్ల చొప్పున కొట్టింది. లోపలికి మడిచే భాగం కాస్త తక్కువ ఉండకపోతే కాగితం ఉబ్బుతుంది, అందుకే 97, 100, 100 చేశాం. కోటింగ్ లేని కాగితం ఇంకు పీల్చుకుని చుక్కలు విచ్చుకుంటాయి. అందుకని సన్నని గీతల ఫాంట్ వదిలి, లోపలి ఖాళీలు పెద్దగా ఉన్న దిట్టమైన ఫాంట్ తీసుకుంది. ఫైల్ పంపే ముందు అసలు కాగితం మీదే ప్రూఫ్ (నమూనా ప్రతి) తీయించి నర్సు చేతికిచ్చి పెన్నుతో రాయించింది. చివరిది నేను చెప్పలేదు, తనే చేసింది.

కాబట్టి టూల్స్ ముఖ్యం కాదని నేనను. ఆమె కొన్న కోర్సు ఎఫెక్టుల గురించి, ఆమెకు కావాల్సింది ఇంకు గురించి. ఏ టూల్ నేర్చుకోవాలో కూడా చేతిలోని పనే చెప్పాలి.

బొమ్మల గుట్ట, పని షరతులు

దాచుకున్న బొమ్మలు పారేయమని చెప్పలేదు. ఒక్కోదాని కింద రెండు వాక్యాలు రాయమన్నాను: ఇది ఎవరి ఏ ఇబ్బంది తీర్చింది, ఎక్కడ పెడితే పనికిరాదు. ఉదాహరణకు రెండు మ్యాపులు పక్కపక్కన పెట్టుకున్నాం. లండన్ అండర్‌గ్రౌండ్‌కి హ్యారీ బెక్ గీసిన డయాగ్రమ్ 1933లో వచ్చింది. దూరాలు, దిక్కులు వదిలేసి గీతలను నిటారుగా, అడ్డంగా, 45 డిగ్రీల వాలులో గీశాడు. భూమి కింద వెళ్లే మనిషికి ఏ స్టేషన్లో మారాలన్నదే ముఖ్యం కాబట్టి. మొదట తిరస్కరించినా తర్వాత జనం దాన్నే పట్టుకున్నారు. 1972లో మాసిమో విన్యెల్లి న్యూయార్క్ సబ్‌వేకి అదే దారిలో అందమైన మ్యాప్ చేశాడు. పొడవాటి సెంట్రల్ పార్క్ అందులో చదరంగా, బూడిద రంగులో ఉంది. నీళ్లు గోధుమ రంగులో ఉన్నాయి. పైన నగరం ఎలా ఉంటుందో తెలిసిన జనం ఫిర్యాదు చేశారు. 1979లో దాని బదులు నగరం ఆకారాన్ని అనుసరించే మ్యాప్ వచ్చింది. నా కంటికి విన్యెల్లి మ్యాపే ఇప్పటికీ అందంగా ఉంటుంది, అది వేరే సంగతి. రూపం ఒకచోట నుంచి ఇంకోచోటికి తెచ్చుకున్నంత సులభంగా దాని వెనక కారణం రాదు. రాయడం మొదలుపెట్టాక ఆమె బొమ్మల్లో చాలావాటికి రెండో వాక్యం దొరకలేదు. వాటిని తనే తీసేసింది.

క్లయింట్లతో షరతులు కూడా మారాయి. చివరి మాట చెప్పే మనిషి పేరు మొదటి మెయిల్లోనే రాయించుకుంటోంది. రెండు రౌండ్ల మార్పులు ఒప్పందంలోనే ఉంటాయి. ఆ పైన, కొత్త సమాచారం వల్ల వచ్చిన మార్పును లెక్కలో వేయదు, మనసు మారడం వల్ల వచ్చిన మార్పుకు విడిగా బిల్లు వేస్తుంది. ఈ తేడా ఎవరు తేలుస్తారని నేను అడిగాను. షీట్ చూస్తే తెలిసిపోతుంది అంది. ఇప్పటిదాకా పెద్ద గొడవ రాలేదు. ఒక పాత క్లయింట్ మాత్రం ఇదంతా చాదస్తమని వేరేవాళ్లను చూసుకున్నారు. ఉద్యోగం చేసే ఏజెన్సీలో ఈ పద్ధతికి టైమ్ ఇవ్వట్లేదు. అక్కడ ఆమె పాత పద్ధతిలోనే పని చేస్తోంది.

ఈ కేస్ తర్వాత నేను మార్చుకున్నవి

కొత్తగా వచ్చేవాళ్లను ఇప్పుడు పోర్ట్‌ఫోలియో కంటే ముందు ఒక నలిగిన పని ఫోల్డర్ తెమ్మంటున్నాను. మెయిళ్లలో ఎవరూ మాట్లాడని భాగం ఏదో చూస్తున్నాను. చాలాసార్లు అసలు లోపం అక్కడే ఉంటోంది. కారణాలు డిజైన్ తర్వాత రాయనివ్వడం లేదు, ఎందుకంటే అప్పుడు వచ్చేవి సమర్థనలే. ఇన్‌స్పిరేషన్ అయిపోయిందని ఎవరైనా అంటే, ఆ పనిని వాడే మనిషిని చివరిసారి ఎప్పుడు చూశావని అడుగుతున్నాను.

షీట్‌కి హద్దులున్నాయి. లీఫ్‌లెట్, ఫారం, ప్యాకెట్ మీది సూచనలు వంటి వాడుక ఉన్న పనుల్లో మూడో కాలమ్ నిండుతుంది. లోగో పని వచ్చినప్పుడు సగం ఖాళీగా ఉండిపోతోంది. చిన్న సైజులో కనిపించాలి, ఒక్క రంగులో నిలవాలి లాంటి నాలుగు వరుసల తర్వాత మిగిలేది నిజంగా రుచే. అక్కడ క్లయింట్ రుచికీ తన రుచికీ మధ్య ఏం చేయాలో ఈ పద్ధతి చెప్పదు. ఆమె ప్రస్తుతం ఒక లోగో పని మీద ఉంది, షీట్‌లో రుచికి సంబంధించిన వరుసల్ని విడిగా పెట్టి, వాటిలో క్లయింట్ మాటే చివరిదని ముందే రాసిచ్చింది. ఇది ఎంతవరకు నిలుస్తుందో ఇంకా రెండు మూడు పనుల్లో చూడాలి.